దూరం ఓర్వని పండు

పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద పళ్ళెంలో ఉన్న నేరేడు పండ్లు ఈ తెల్లవారుజామున చెట్టు మీద ఉన్నాయి. ఎండెక్కక ముందే ఇక్కడికి చేరాయి కాబట్టి ఇంకా నిగనిగలాడుతున్నాయి. రేపు ఈ వేళకు వీటి తోలు వడలి ముడతలు పడుతుంది. ఎల్లుండి మూత తీస్తే పులిసిన వాసన కొడుతుంది. వృక్షశాస్త్రం పాఠాలు చెబుతూ గడిపిన ఇన్నేళ్ళలో ఈ చెట్టును గురించి చెప్పుకోవలసిన సంగతులు చాలా పోగయ్యాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం ఒక్క గుణం దగ్గరికే వచ్చి చేరుతాయని నాకు తోస్తుంది. నేరేడు ఆగదు. దాని పండు ఆగదు, గింజ అంతకన్నా ఆగదు. మామిడిలాగా నెల రోజులు ప్రయాణం చేసి, చింతపండులాగా ఏడాది పొడుగునా జాడీలో కూర్చుని మన అవసరం కోసం కనిపెట్టుకుని ఉండే స్వభావం దానికి లేదు. చెట్టు దగ్గరున్న వాళ్ళకే ఆ పండు దక్కుతుంది. చెట్టు ఊరికి దూరమైతే పండు కూడా ఊరికి దూరమైపోతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు పేరు సంగతి చూద్దాం. మన వాళ్ళు కండ ఎక్కువగా ఉండి కోలగా, లావుగా కాసే దానిని అల్లనేరేడు అంటారు. గుండ్రంగా, చిన్నగా, నోట్లో వేసుకుంటే గింజే ఎక్కువగా తగిలే దానిని చిట్టినేరేడు అంటారు. కన్నడంలో ఇది నేరళె, ఆ మాటనే వాళ్ళు ఊదారంగుకు కూడా పేరుగా వాడుకుంటారు. మనం చీరల దుకాణంలో నేరేడుపండు రంగు అన్నట్టే. తమిళులు నావల్ అంటారు, మలయాళీలు ఞావల్ అంటారు. సంస్కృతంలో జంబూ, హిందీలో జామున్. ఒక చెట్టుకు ఇన్ని భాషల్లో సొంత పేరు ఉన్నదంటే అది ఎక్కడి నుంచో వచ్చిన చుట్టం కాదని అర్థం. జామ, సపోటా, బొప్పాయి, సీతాఫలం, అనాస మన పెరళ్ళలో ఎంత కలిసిపోయినా అవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. నేరేడు మాత్రం ఈ ఉపఖండపు చెట్టు. సూర్యాపేట జిల్లాలో నేరేడుచర్ల ఉంది, ఆదిలాబాద్ జిల్లాలో నేరడిగొండ ఉంది, సికింద్రాబాదు పక్కన నేరేడ్‌మెట్ ఉంది. ఆ ఊళ్ళ పేర్లు పలికినప్పుడల్లా మనకు తెలియకుండానే ఈ చెట్టును తలుచుకుంటున్నాం.

ఊరి పేరే కాదు, ఈ నేలకే ఆ చెట్టు పేరు పెట్టారు. పూజకు కూర్చుని సంకల్పం చెప్పుకునేటప్పుడు జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని మనం ఎక్కడున్నామో చెప్పుకుంటాం. జంబూద్వీపం అంటే నేరేడు చెట్టున్న ద్వీపం. పురాణాల ప్రకారం మేరువు పక్కన ఒక మహా జంబూవృక్షం ఉంది, ఏనుగులంత పండ్లు దాని నుంచి రాలి పగిలి రసం నదిగా పారుతుంది, ఆ రసంతో తడిసిన ఒడ్డు మట్టి గాలికి ఎండి బంగారం అవుతుంది. జాంబూనదం అనే మాటకు బంగారం అన్న అర్థం అక్కడి నుంచే వచ్చింది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన చిన్న శిలాశాసనాల్లో, కర్ణాటకలోని బ్రహ్మగిరి దగ్గర ఉన్న దానిలో సహా, ఈ నేలకు జంబూద్వీపమనే పేరే వాడారు. బౌద్ధ కథల్లో బాలుడైన సిద్ధార్థుడు తండ్రి ఏరువాక దున్నడం చూడటానికి వెళ్ళి, దాదులు పక్కకు తప్పుకున్నప్పుడు, నేరేడు చెట్టు కిందే మొదటిసారి ధ్యానంలో కూర్చున్నాడు. పొద్దు వాలినా ఆ చెట్టు నీడ మాత్రం అతని మీద నుంచి కదలలేదని చెబుతారు. శ్రీరంగం పక్కనున్న జంబుకేశ్వరంలో స్వామికి ఆ పేరు తెచ్చింది కూడా ఈ చెట్టే. పంచభూత క్షేత్రాల్లో అది జలలింగం. నీటి చెంత నేరేడు ఉండటం ఎంత సహజమో ఆ గుడి కట్టినవాళ్ళకు బాగా తెలుసు. అడవిలో వాగు వెంట నడిచిన వారికి కూడా ఆ సంగతి తెలుస్తుంది, ఎందుకంటే నేరేడు తనంతట తానుగా ఎక్కువగా కనిపించేది వాగుల గట్ల మీద, తేమ ఉండే లోయల్లోనే.

ఇక చెట్టు దగ్గరికి వద్దాం. శాస్త్రంలో దీని పేరు సిజీజియం క్యూమిని. 1753లో లిన్నేయస్ దీనిని మిర్టస్ ప్రజాతిలో చేర్చాడు. ఇప్పుడు మనం వాడే పేరు 1912లో స్కీల్స్ పెట్టినది. మిర్టేసి కుటుంబంలో నేరేడుకు దగ్గరి బంధువు ఎవరో చెబితే విద్యార్థులు ఎప్పుడూ ఆశ్చర్యపోతారు. మన పోపుల పెట్టెలోని లవంగం. రెండూ ఒకే ప్రజాతి. నమ్మకం కలగాలంటే ఫాల్గుణ, చైత్ర మాసాల్లో నేరేడు పూత మీదున్నప్పుడు ఒక మొగ్గను తెంపి, దాని పక్కన ఒక లవంగాన్ని పెట్టి చూడాలి. లవంగం తల మీద చిన్న గుండు ఉంటుంది కదా, అది విచ్చుకోని రేకుల ముద్ద. నేరేడు మొగ్గ మీద కూడా సరిగ్గా అటువంటి టోపీయే ఉంటుంది. పువ్వు విచ్చుకునే వేళ ఆ రేకులు ఒక్కొక్కటిగా విడిపోవు, అన్నీ కలిసి మూతలాగా ఊడి కింద పడతాయి. అందులో నుంచి పొడుగాటి తెల్లని కేసరాలు గుత్తులు గుత్తులుగా బయటికి వస్తాయి. పూతకాలంలో చెట్టు కింద నిలబడితే ఆ టోపీలు నెత్తి మీద రవ్వల్లాగా రాలుతూ ఉంటాయి, పైన తేనెటీగల రొద వినపడుతూ ఉంటుంది. ఆకును నలిపి వాసన చూడండి, టర్పెంటైన్‌ను పోలిన ఘాటు వస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆకులో నూనె బిందువులు సన్నని చుక్కలుగా కనిపిస్తాయి, అంచుకు కొంచెం ఇవతల అంచు పొడుగునా ఒక ఈనె నడుస్తుంది. యూకలిప్టస్, జామ, లవంగం అన్నీ ఈ గుర్తులు పంచుకున్నవే.

ఇప్పుడు ఒక పండును చేతిలోకి తీసుకోండి. కాడకు ఎదురు కొసన చిన్న గుండ్రటి గుంట కనిపిస్తుంది. అది రక్షకపత్రాల గుర్తు, అంటే పువ్వు నిలబడిన చోటు. జామకాయ కొసన ఉండే ముచ్చిక కూడా ఇదే. అండాశయం పువ్వు కింద ఉండి పండుగా మారిందని ఆ గుంట చెబుతుంది. గింజ ఒక్కటే ఉంది కాబట్టి దీనిని మామిడిలాగా టెంకపండు అనుకుంటారు గానీ ఇది మృదుఫలం, ద్రాక్ష, టమాటా, వంకాయలు ఏ కోవకు చెందుతాయో ఆ కోవకు చెందినది. గింజ చుట్టూ రాయిలాంటి టెంక ఏదీ లేదు, కాగితంలాంటి పలచని పొర మాత్రమే ఉంది. ఈ చిన్న తేడాను దయచేసి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది.

ఆకుపచ్చగా పుట్టిన పిందె గులాబీ రంగుకు, అక్కడి నుంచి ఎరుపుకు, చివరికి నల్లని ఊదారంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఆంథోసైనిన్ అనే వర్ణకాలది. నల్లగా ఉంది కాబట్టి ఇనుము దండిగా ఉంటుందని చాలామంది చెబుతారు, కానీ ఆ నలుపుకూ ఇనుముకూ సంబంధం లేదు. ఆ వర్ణకం ఎంత చురుకైనదో ఇంట్లోనే చూడవచ్చు. నాలుగు పండ్లను చిదిమి, రసాన్ని మూడు గాజు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసి నీళ్ళు కలపండి. మొదటి దానిని అలాగే ఉంచి, రెండో దానిలో నిమ్మరసం పిండితే అది చూస్తూండగానే ఎర్రబడుతుంది. మూడో దానిలో చిటికెడు వంటసోడా వేస్తే నీలంగా మారి, ఇంకొంచెం వేస్తే ఆకుపచ్చలోకి దిగుతుంది. పిల్లల చొక్కా మీద పడిన నేరేడు మరకను నేరుగా సబ్బుతో రుద్దినప్పుడు అది పోకపోగా నీలంగా మారడానికి కారణం కూడా ఇదే. సబ్బు క్షారం. ముందు చన్నీళ్ళతో జాడించి, నిమ్మచెక్కతో రుద్ది, ఆ తరువాతే సబ్బు పెట్టాలి. మా నాయనమ్మ ఏ రసాయన శాస్త్రమూ చదవకుండానే ఆ పని అదే వరసలో చేసేది.

రంగు తరువాత వగరు. నేరేడు పండు నోట్లో పెట్టుకోగానే మొదట తీపి, వెనకనే పులుపు తగులుతాయి, ఆ పైన నాలుక గరుకుగా బిగుసుకుంటుంది. అది రుచి కంటే స్పర్శకు దగ్గరిది. పండులోని టానిన్లు మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, దానితో నోటిలో ఉండవలసిన జిగురు పోయి నాలుకా అంగిలీ ఒకదానికొకటి రాసుకుంటాయి. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఈ వగరే దానికి కాపలా. గింజ తయారు కాకముందే ఎవరూ తినకుండా ఆపుతుంది. పండిన కొద్దీ వగరు తగ్గి తీపి పెరుగుతుంది, అయినా పూర్తిగా పోదు. మా ఇంట్లో పండ్లు కడిగి గిన్నెలో వేసి, గుప్పెడు ఉప్పు చల్లి, పైన మూత పెట్టి గట్టిగా కుదిపేవారు. తోలు అక్కడక్కడ చిట్లి ఉప్పు లోపలికి దిగేది, వగరు సగం చచ్చేది. ఆ కుదుపుడు చప్పుడు వినపడితే పెరట్లో ఎక్కడున్న పిల్లలైనా వంటింటి గడపకు చేరేవారు.

ఇంతకు ముందు ఆగని గుణం అన్నాను. దానికి శాస్త్ర కారణం ఉంది. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం చెట్టు నుంచి కోశాక కూడా పండుతాయి. ముదిరిన కాయను తెచ్చి గడ్డిలో మాగవేస్తే, కాయ తనలో తానే ఇథిలీన్ వాయువు పుట్టించుకుని, పిండిని చక్కెరగా మార్చుకుని పండుగా తయారవుతుంది. ద్రాక్ష, నిమ్మ, దానిమ్మ ఆ పని చేయలేవు. నేరేడు కూడా అంతే. ఎర్రగా ఉన్నప్పుడు కోసిన నేరేడు కాయ తెల్లారేసరికి వాడుతుంది తప్ప తియ్యబడదు. కనుక పూర్తిగా నల్లబడే వరకు చెట్టు మీదనే ఉండాలి. నల్లబడ్డాక బరువులో 100కు 80 పాళ్ళు దాటి నీరు, పైన కాగితమంత తోలు. గది వేడిలో రెండు రోజులకు మించి నిలవదు. పైగా ఒక గుత్తిలో రెండు నల్లగా, నాలుగు ఎర్రగా, మిగిలినవి పచ్చగా ఉంటాయి. అందుచేత ఒకేసారి చెట్టు దులిపేస్తే పని అయిపోదు, నెలా నెలన్నర పాటు రోజూనో రోజు విడిచి రోజో చెట్టెక్కి ఏరి కోయాలి.

ఆ చెట్టెక్కే మనిషిని గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. బాగా ఎదిగిన నేరేడు చెట్టు 30 మీటర్ల వరకు పోగలదు. మొదలు చూస్తే ఎంతో బలంగా ఉంటుంది కానీ పై కొమ్మలు పెళుసు. చింతకొమ్మ వంగుతుంది, నేరేడు కొమ్మ వంగకుండానే ఫెళ్ళున విరుగుతుంది. వాన తడికి బెరడు జారుతుంది, కోత కాలమేమో సరిగ్గా తొలకరి కాలం. భుజానికి గుడ్డసంచి తగిలించుకుని, నడుముకు తాడు కట్టుకుని, ఎడమచేత్తో కొమ్మను పట్టుకుని కుడిచేత్తో ఒక్కొక్క నల్లపండును కాడతో సహా తుంచుతూ ఉండే మనిషి, సంచి నిండాక దానిని తాడుతో కిందికి దింపుతాడు. కింద అతని భార్య పాత చీర పరిచి, రాలిన వాటిలో చిట్లనివి ఏరుతుంది. మా ఊళ్ళో అలా ఎక్కిన మనిషి నా చిన్నప్పుడు కొమ్మ విరిగి పడి, ఆ తరువాత ఎన్నడూ నిటారుగా నడవలేదు. అతని కొడుకు మరుసటి ఏడు అదే చెట్టు ఎక్కాడు. రోడ్డు పక్క బండి మీద నేరేడు పండ్ల ధర అడిగి, ఇంత చిన్న పండుకు ఇంత ధరా అని బేరమాడేటప్పుడు నాకు ఆ తండ్రీకొడుకులే కళ్ళ ముందు మెదులుతారు. ఆ ధర పండు తీపికి పెట్టినది కాదు, ఎత్తుకు పెట్టినది. నేను ఈ పండు దగ్గర బేరమాడటం మానేసి చాలా కాలమైంది.

పండు సంగతి అలా ఉంటే గింజ సంగతి ఇంకా విశేషం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మంచి అల్లనేరేడు చెట్టు దొరికింది. బొటనవేలంత పండు, వగరు చాలా తక్కువ. నలభై గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, పేరూ తేదీ రాసి జాగ్రత్తగా బీరువాలో దాచాను. వానలు బాగా పట్టాక కార్తీకంలోపు నాటవచ్చునని నా ఆలోచన. రెండు నెలల తరువాత నాటితే నలభైలో ఒక్కటి కూడా మొలవలేదు. మళ్ళీ ఏడాది ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ కొత్త ప్రహరీ గోడ ఉంది, చెట్టు లేదు. చింతగింజను, కందిగింజను దాచినట్టు నేరేడు గింజను దాచకూడదని నేను పుస్తకంలో చదివే ఉన్నాను, అయినా పొట్లం కట్టాను. ఆరబెట్టిన గింజ పదిహేను రోజులు తిరిగేసరికి మొలకెత్తే శక్తి కోల్పోతుంది. తడి ఆరడమే దానికి చావు.

ఇది లోపంలాగా కనిపిస్తుంది కానీ లోపం కాదు. చింతకాయ ఎండల్లో పండి రాలుతుంది, గింజకు వాన పడే దాకా నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలి కనుక గట్టి పెంకు కట్టుకుంది. నేరేడు పండు మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, నేల తడిసే వేళకే రాలుతుంది. రాలిన చోటనే తడి ఉంది, వెచ్చదనం ఉంది. ఆగవలసిన అవసరం ఎన్నడూ రాలేదు కాబట్టి ఆగడం అలవాటు కాలేదు. ఇందాక చూసిన కాగితపు పొర అందుకే అంత పలచన. వేప కూడా ఈ తరహాదే, అదే కాలంలో పండుతుంది, దాని గింజ కూడా త్వరగానే చచ్చిపోతుంది. ఈ రెండు చెట్లూ రుతుపవనాన్ని నమ్ముకుని తమ పిల్లలను కన్నాయి. వాన వరస తప్పితే ముందుగా దెబ్బ తినేది ఇటువంటి నమ్మకమేనని నాకు భయం.

తాజా గింజను నాటితే మరొక వింత చూడవచ్చు. పది పదిహేను రోజుల్లో మట్టి నెర్రె విచ్చి మొలక తల ఎత్తుతుంది, కొన్ని రోజులకు అదే గింజ నుంచి రెండోది, అప్పుడప్పుడు మూడోది కూడా వస్తుంది. ఒక గింజలో ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఉండటాన్ని బహుపిండత అంటాము. వాటిలో కొన్ని పరాగ సంపర్కంతో పని లేకుండా తల్లి కణజాలం నుంచే పుడతాయి కనుక అచ్చంగా తల్లి చెట్టునే పోలి ఉంటాయి. మట్టిని మెల్లగా కడిగి చూస్తే, మందమైన ఆకుపచ్చని బీజదళాల మధ్య నుంచి వేరు వేరు కాండాలు బయలుదేరడం స్పష్టంగా కనిపిస్తుంది.

మనకంటే ముందు ఈ పండుకు హక్కుదారులు ఉన్నారు. కోయిలలు, పిగిలిపిట్టలు, గోరువంకలు పగలు తింటాయి, పొద్దుగూకాక గబ్బిలాలు దిగుతాయి. నేల మీద పునుగుపిల్లి, నక్క, ఎలుగుబంటి వస్తాయి. అడవిలో జూన్, జులై నెలల్లో ఎలుగుబంటి పెంటికలో నేరేడు గింజలు కుప్పలుగా ఉంటాయి, చెట్టు ఒక లోయ నుంచి మరొక లోయకు నడిచేది ఆ కాళ్ళతోనే. ఈ చెట్టు సముద్రాలు దాటి కూడా వెళ్ళింది. అమెరికా వ్యవసాయ శాఖ 1911లో దీనిని ఫ్లోరిడాకు తీసుకుపోయింది. ఇప్పుడు అక్కడ అది స్థానిక వృక్షాలను తోసేసే చెట్ల జాబితాలో ఉంది. హవాయి దీవుల్లోనూ ఇదే తంతు. అక్కడ దాని గింజలను చల్లేవాటిలో, మన దేశం నుంచే తెచ్చి వదిలిన గోరువంకలు కూడా ఉన్నాయి. ఇక్కడ తనను తినే పురుగుల మధ్య, తన గింజను మొలవనీయని ఎండల మధ్య అదుపులో బతికిన చెట్టు, ఆ అదుపు లేని చోట మరొకలాగా ప్రవర్తించింది. స్థానికం అనే మాటకు అర్థం మనకు పరాయి నేల మీదనే బాగా తెలుస్తుంది.

వైద్యం విషయం అడగకుండా మీరు నన్ను వదలరని తెలుసు, కనుక నేనే చెబుతాను. ఆయుర్వేదం ఈ చెట్టు బెరడును, గింజను, పండును స్తంభన గుణం ఉన్న ద్రవ్యాలుగా వాడింది. విరేచనాలు కట్టడానికి బెరడు కషాయం ఇవ్వడం వెనుక టానిన్ల పని ఉంది, అది అర్థమయ్యే విషయమే. మధుమేహానికి గింజల చూర్ణం వాడే అలవాటు మన దగ్గర చాలా పాతది. ఇన్సులిన్ రాకముందు ఐరోపా వైద్యులు కూడా జంబుల్ అనే పేరుతో దీనిని వాడారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొన్నాక ఆ వాడకం వెనకబడింది. జంతువుల మీద జరిగిన అనేక ప్రయోగాల్లో గింజల సారం చక్కెరను తగ్గించినట్టు కనిపించింది, మనుషుల మీద గట్టి రుజువు మాత్రం ఇంకా ఏర్పడలేదు. ఆకుల కషాయంతో బ్రెజిల్‌లో జరిగిన నియంత్రిత పరీక్షల్లో ఫలితం కనిపించలేదు. నేను ఈ చెట్టును ప్రేమించేవాణ్ణి కాబట్టే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: డాక్టరు ఇచ్చిన మందు మానేసి నేరేడు గింజల పొడిని నమ్ముకోవద్దు. ఏడాదికి ఒక్కసారైనా నేరేడు పండు తింటే కడుపులో చేరిన వెంట్రుకలు కరిగిపోతాయని మన ఇళ్ళలో అంటారు. అది నిజమని నేను చెప్పలేను గానీ, ఏ పిల్లవాడూ ఆ ఏటి పండు తినకుండా మిగిలిపోకూడదని పెద్దలు కనిపెట్టిన సాకుగా నాకు ఆ మాట మీద గౌరవం ఉంది.

కలప గురించి క్లుప్తంగా చెబుతాను. నీటిలో నానినా త్వరగా చివకని చెక్క కనుక బావుల అడుగు చట్రాలకు, రైలు పట్టాల కింది దిమ్మెలకు వాడేవారు. బెరడు తోళ్ళను పదును పెట్టడానికి, వలలకు రంగు వేయడానికి పనికొచ్చింది. ఆకులు పశువులు తింటాయి, దసలి పట్టుపురుగులకు కూడా ఇది ఒక మేత చెట్టే.

ఇప్పుడు నన్ను నిజంగా కలత పెట్టే విషయానికి వస్తాను. ఈ పదిహేను ఇరవై ఏళ్ళలో నేరేడు తోటల పంట అయింది, అది సంతోషమే. గుజరాత్‌లోని గోధ్రా పరిశోధన కేంద్రం నుంచి గోమ ప్రియాంక అనే రకం, కొంకణ ప్రాంతం నుంచి కొంకణ్ బహడోలి అనే పెద్దపండు రకం వచ్చాయి. లక్నో పరిశోధకులు గింజలేని రకాన్ని కూడా ఎంపిక చేశారు. అనంతపురం వంటి కరువు నేలల్లో రైతులు అంటు మొక్కలు పెట్టి కాపు తీస్తున్నారు. గింజ మొక్క కాపుకు ఎనిమిది పదేళ్ళు తీసుకుంటే, అంటు మొక్క నాలుగైదేళ్ళకే కాస్తుంది, పైగా పొట్టిగా పెంచుకోవచ్చు కాబట్టి కోసే మనిషి ప్రాణం మీదికి రాదు. ఇవన్నీ మంచివే. కానీ తోటలో పండు పెరుగుతున్న కాలంలోనే చెరువు కట్ట మీద, బడి ఆవరణలో, రోడ్డు వారన ఉన్న ఉమ్మడి చెట్లు తగ్గిపోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదటి వరసలో ఉన్నవి అవే. కొత్తగా నాటేటప్పుడు, పండ్లు రాలి కాలిబాట మరకలు పడుతుందని, జారుతుందని నేరేడును పక్కన పెడతారు. పండ్లు రాలని చెట్లనే ఎంచుకుంటారు. న్యూఢిల్లీ కట్టినప్పుడు కొన్ని వీధులకు రెండు వైపులా నేరేడు చెట్లే వరసగా పెట్టారు, ఈనాటికీ వానాకాలం రాగానే ఆ చెట్ల కింద పట్టాలు పరిచి పండ్లు పట్టేవాళ్ళు కనిపిస్తారు. రాజధాని వీధికి లేని నామోషీ మన మండల కేంద్రాలకు ఎందుకో నాకు అర్థం కాదు.

తోట పండు డబ్బిచ్చి కొనగలిగిన వారికి, అది కూడా మంచుగడ్డల మధ్య పెట్టి తెచ్చిన రెండు రోజులకు మాత్రమే అందుతుంది. కట్ట మీది చెట్టు అలా కాదు. బడి విడిచాక రాళ్ళు విసిరే పిల్లలకు, మేకలు తోలుకొచ్చిన ముసలాయనకు, మోదుగాకు దొన్నెల్లో పోసి బస్టాండులో అమ్ముకునే ఆడమనిషికి, ఆ రాత్రికి గబ్బిలాలకు అన్నం పెడుతుంది. ఆగని పండును పంచుకోవడానికి వేరే దారి లేదు, చెట్టే మనుషుల మధ్య నిలబడాలి.

సభ ముగిశాక ఈ పళ్ళెంలోని పండ్లు అందరూ తీసుకోండి, గింజలు మాత్రం పారేయకండి. చప్పరించి, కండ ఏమీ మిగలకుండా కడిగి, ఎండలో పెట్టకుండా తడిగుడ్డలో చుట్టి ఇంటికి తీసుకువెళ్ళండి. వీలైతే రేపే, కాకపోతే ఈ వారం దాటకుండా, మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచుల్లో వేలి కణుపు లోతున ఒక్కొక్కటి పెట్టండి. మట్టి ఎండకూడదు, అలాగని నీళ్ళు నిలవకూడదు. ఒక గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే బలమైన దానిని ఉంచి తక్కిన వాటిని పీకేయకుండా, నాలుగాకులు వేశాక విడదీసి వేరే సంచుల్లోకి మార్చండి. వచ్చే ఏడు తొలకరికి మోకాలెత్తు మొక్క చేతికొస్తుంది. ఇంటి గోడకు, కరెంటు తీగలకు దూరంగా, చుట్టూ పది మీటర్లు ఖాళీ ఉన్న చోట, చెరువు కట్ట దిగువనో బడి ప్రహరీ మూలనో గుంట తీయండి. మొదటి రెండు వేసవుల్లో నీళ్ళు పోయవలసి ఉంటుంది, మేకలు అందకుండా ముళ్ళకంప నాటవలసి ఉంటుంది. మూడో ఏటి నుంచి అది మనల్ని ఏమీ అడగదు.

పళ్ళెం ముందు వరసలోని పిల్లల దగ్గర మొదలుపెట్టండి. ఉప్పు ఆ చిన్న గిన్నెలో ఉంది.